పసుపు కల్లంలో బండి చదువు

కల్లం అలికిన మర్నాడు దానిమీద టైరు గీత కనబడితే మా బాపు ఊరుకునేవాడు కాదు. ఉడికిన పసుపు కొమ్ము పది పదిహేను రోజులు ఎండాల్సిన చోటు అది. మట్టి కొట్టి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిపరిచి, పేడతో అలికి, ఆరిన తర్వాతే పసుపు దించేవాళ్లు. ఆ పసుపు కాస్తా పాలిష్ అయి, బస్తాలకెక్కి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తరలిపోయాక ఏప్రిల్, మే నెలల్లో కల్లం ఖాళీగా పడి ఉండేది. అప్పుడిక బాపు ఏమీ అనేవాడు కాదు. మా ఊరి మగపిల్లలందరూ బండి నేర్చుకున్నది ఆ రెండు నెలల్లోనే, ఆ కల్లాల్లోనే. 1986లో నేనూ అక్కడే నేర్చుకున్నాను.

మాది ఆర్మూర్‌కు ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. మిద్దె ఎక్కితే నవనాథ సిద్ధుల గుట్ట నల్లరాళ్లు కనబడతాయి. 1984 నుంచి 2019 దాకా ఏఎన్ఎంగా పనిచేశాను. ఊళ్లవాళ్లకు నేను నర్సమ్మను. టీకాల డబ్బా భుజాన వేసుకుని తిరిగిన ఆ 35 ఏళ్లలో కాన్పులు ఎన్ని చూశానో, బండి మీద నుంచి పడ్డవాళ్లను దాదాపు అన్ని చూశాను. ఈ ప్రాంతంలో మనుషులు బండి నడపడం ఎట్లా నేర్చుకుంటూ వచ్చారో నాకు తెలిసినంతవరకు రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ కథ రాస్తేనే ఇప్పుడు అక్కడక్కడ పెడుతున్న శిక్షణ తరగతులు మనకు ఎంతవరకు పనికొస్తాయో తేలుతుంది.

అన్నిటికంటే ముందు సైకిల్. గంటకింత అని కిరాయికి తెచ్చుకుని, సీటు అందని పిల్లలు బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాళ్లు. మోకాళ్లు పగిలేవి, అంతే. ఆ సైకిలే తర్వాత వచ్చిన ప్రతి బండికీ ఒకటో తరగతి. బ్యాలెన్సు అక్కడ పట్టుబడింది. దాంతోపాటు ఒక చెడ్డ అలవాటు కూడా అక్కడే పట్టుకుంది. ముందు బ్రేకు పట్టితే బోర్లా పడతామన్న భయం అది. దాని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే ఆ భయం చాలామంది ప్రాణాలు తీసింది.

మా ఊరికి వచ్చిన మొదటి మోటార్ సైకిల్ మా చిన్నబాపుది. 1974లో పసుపు అమ్మిన డబ్బుతో రాజ్‌దూత్ కొన్నాడు. ఎస్కార్ట్స్ కంపెనీ బండి, 175 సీసీ, పోలండ్ బండి నమూనాతో తయారైంది, మూడు గేర్లు. అప్పటికి నాకు 13 ఏళ్లు. చిన్నబాపుకు నడపరాదు. ఆర్మూర్ నుంచి మెకానిక్ దాన్ని నడిపించుకుంటూ వచ్చి, రెండు రోజులు మా ఇంట్లోనే ఉండి, రెండు పూటలా కోడికూర తిని, నేర్పి వెళ్లాడు. ఆ రోజుల్లో బండి నేర్పే గురువు మెకానికే. ఇంకెవరికి తెలుసు గనుక?

ఆయన నేర్పిన పద్ధతి నాకు ఇంకా కళ్ల ముందుంది. మొదటి రోజు బండి ఎక్కనీయనే లేదు. పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలి, ఎక్కువైతే పొగ ఎట్లా వస్తుంది, తక్కువైతే పిస్టన్ ఎట్లా పట్టేస్తుంది, ప్లగ్గు విప్పి ఉప్పుకాగితంతో ఎట్లా గీకాలి, చెయిన్ ఎంత వదులుండాలి, ఇవన్నీ చెప్పాడు. రెండో రోజు కిక్కు. చిన్నబాపు కొట్టి కొట్టి చెమటతో తడిసిపోయాడు. సాయంత్రానికి గానీ క్లచ్చు చేతికి రాలేదు. మెకానిక్ పక్కన పరుగెత్తుతూ "ఇడువు, ఇడువు, మెల్లగ ఇడువు పటేలా, కోడిపిల్లను ఇడిసినట్టు ఇడువు" అని అరుస్తుంటే మేమంతా కల్లం గట్టు మీద కూర్చుని చూశాం. ఆ తర్వాత నెలన్నర చిన్నబాపు కల్లం దాటి బయటికి రాలేదు. వానాకాలం మొదలయ్యాకే ఆర్మూర్ రోడ్డెక్కాడు.

ఆ పాత బండ్లు మొండివి. ఒక్కొక్కదానిది ఒక్కో తీరు. బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. రాజ్‌దూత్‌కు తిరకాసుగా గేరు ఎడమన. మైసూరు నుంచి వచ్చే జావా, తర్వాత దాని పేరే యెజ్డీ అయింది, దానికి కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. స్టార్టయ్యాక ఆ రాడ్డును ముందుకు మడిచి పెడితే అదే గేరు. మా అన్న 1979లో యెజ్డీ కొన్నాడు. దానికి అలవాటుపడ్డ మా మేనబావ ఒకరోజు ఎవరిదో బుల్లెట్ అడిగి తీసుకున్నాడు. అడ్డంగా బర్రె వస్తే బ్రేకనుకుని గేరు తొక్కి, బండితో సహా మక్కచేనులోకి పోయాడు. చేను మెత్తగా ఉండబట్టి బతికాడు. ఇన్ని తిప్పలున్నాయి కాబట్టే నేర్చుకోవడానికి ఒక ఎండాకాలం పట్టేది. ఆ ఎండాకాలమంతా పెద్దవాళ్లు చూస్తుండేవాళ్లు. ఆలస్యమే ఒక శిక్షణ. ఈ మాట నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాయి. క్లచ్చు లేదు, గేరు లేదు. సైకిల్‌లాగా పెడల్ తొక్కితే స్టార్టవుతుంది. మా ఆడవాళ్లకు బండి అందింది వీటి వల్లే. నా సబ్‌సెంటర్ కింద ఐదు ఊళ్లుండేవి. బస్సు దిగి నడిచి తిరగలేక మా అన్నను అడిగి అప్పు తీసుకుని పాత టీవీఎస్ 50 కొన్నాను. బాపు మూడు రోజులు మాట్లాడలేదు. అన్నే కల్లంలోకి తీసుకుపోయాడు.

నాలుగు బస్తా సంచుల్లో ఊక నింపి నాలుగు మూలల పెట్టించాడు. వాటి చుట్టూ తిరగాలి. "చూపు చక్రం మీద పెట్టకే చెల్లె, పోయే దిక్కు పెట్టు. చూపు యాడికి పోతే బండి ఆడికే పోతది." తర్వాత పెద్ద పెద్ద పుస్తకాల్లో కూడా ఈ మాటే చదివాను, అన్న ఏ పుస్తకమూ చదవకుండానే చెప్పాడు. చీర కొంగు నడుముకు బిగించి, కుచ్చిళ్లు ఎడమవైపు నుంచి లాగి సీటు కింద నొక్కిపెట్టుకోవడం కూడా ఆయనే కనిపెట్టి చూపించాడు. చీర చక్రంలో పడితే ఏమవుతుందో చూసినవాళ్లకే తెలుసు. వెనక చక్రానికి సగమైనా కప్పే అడ్డు ఉండాలని, వెనక కూర్చున్నవాళ్లకు పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే చోటు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రాశారు. మనం చీర గార్డు అంటాం. షోరూమ్‌లో కొత్త బండి తీసుకోగానే అందంగా లేదని దాన్ని పీకించేసే పిల్లలను చూస్తే నాకు భయమేస్తుంది.

అన్న చెప్పినవాటిలో ఒక్కటే తప్పు. "ముందు బ్రేకు ముట్టకు, బోర్లా పడతవ్." పదేళ్లు ఆ మాట పాటించాను. ఊరంతా పాటించింది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు, మనిషి బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది. అప్పుడు నేలను గట్టిగా పట్టుకునేది ముందు చక్రమే. వెనక చక్రం తేలికపడి జారుతుంది. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే బండి ఆగదు, తోక ఊపుకుంటూ పోతుంది. రెండూ కలిపి, ముందుది మెల్లమెల్లగా బిగిస్తూ పట్టాలి. ఇసుక మీద, తడి మీద ఇంకా మెల్లగా. ఇది మాకు చెప్పినవాళ్లు లేరు.

లైసెన్సు టెస్టుకు 1990లో వెళ్లాను. 1939 నాటి చట్టం పోయి 1988 మోటారు వాహనాల చట్టం వచ్చింది, 1989 జులై 1 నుంచి అమలు. సున్నంతో నేల మీద ఎనిమిది అంకె గీసి ఉంది. కాలు కింద పెట్టకుండా దాని మీద తిరిగి రావాలి. ఊక బస్తాల చుట్టూ తిరిగినదాన్ని, ఒక్కసారికే అయిపోయింది. ఎనిమిది గీతలో తప్పేం లేదు, మెల్లగా పోతూ బండిని అదుపులో పెట్టడం తెలుస్తుంది. కానీ మనిషి చచ్చేది మెల్లగా తిరుగుతున్నప్పుడు కాదు. నలభై, యాభై వేగంలో పోతూ ఆపలేకపోయినప్పుడు. అది అడిగే టెస్టు నాకు పెట్టలేదు. కారు నేర్పే స్కూలైతే కనీసం 21 రోజులు, చేతికి స్టీరింగ్ ఇచ్చి పది గంటలు నేర్పాలని అవే 1989 నిబంధనలు చెప్పాయి. ఆర్మూర్‌లో డ్రైవింగ్ స్కూలు బోర్డు చూసి బండి నేర్పుతారా అని అడిగితే, "బండి ఇంట్ల నేర్సుకుంటరు గద మేడమ్" అన్నారు. ఈ దేశంలో అందరూ అనుకునేది అదే. బండి ఇంట్లో నేర్చుకునేది.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. ఫోర్ స్ట్రోకు. ఆయిల్ కలిపే పని లేదు, ప్లగ్గు గీకే పని లేదు. కిక్కు చేత్తో కొట్టినా స్టార్టయ్యేది. గేర్లు నాలుగూ ముందుకే. 1994లో స్ప్లెండర్ వచ్చాక మా చుట్టుపక్కల ఊళ్లలో, అంకాపూర్, పెర్కిట్, బాల్కొండ దిక్కు, ప్రతి వాకిట్లో ఒకటి నిలబడింది. దుబాయ్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చిన పిల్లగాడు తమ్ముడికి కొనిచ్చేది స్ప్లెండరే. ఎండాకాలమంతా పట్టిన చదువు ఒక్క మధ్యాహ్నానికి దిగింది. కల్లందాకా పోవడం మానేశారు. ఇంటి ముందు గల్లీలో అటొకసారి ఇటొకసారి తిప్పి, మూడోసారి నేరుగా ఆర్మూర్ రోడ్డు. బండి సులువైనకొద్దీ నేర్పే మనిషి పక్కకు తప్పుకున్నాడు. 2001లో పల్సర్ వచ్చింది. 2010లో పసుపు క్వింటాలు 15 వేలు దాటినప్పుడు, ఆ ఏడు మా ఊళ్లో ఎన్ని పల్సర్లు వచ్చాయో లెక్క చెప్పలేను గానీ, నేను కుట్లు వేయించడానికి తీసుకుపోయిన పిల్లలు మాత్రం గుర్తున్నారు. ఇద్దరికి మీసాలు కూడా రాలేదు.

అన్న సంగతి చెప్పాలి.

1997 మార్చి. పసుపు సీజన్. మార్కెట్‌లో తెల్లారేసరికి ఉండాలని రైతులు రాత్రిపూటే ట్రాలీలు కట్టుకుని నిజామాబాద్ బయల్దేరతారు, ఇప్పటికీ అంతే. అన్న ఆ రాత్రి నిజామాబాద్ నుంచి తిరిగి వస్తున్నాడు. ఎదురుగా లారీ లైటు కళ్లలో పడింది. రోడ్డు పక్కన టైరు పంక్చరై ఆగిన ట్రాలీ ఉంది. దానికి వెనక లైటు లేదు. తెల్లటి బస్తాలకు పాత నల్ల తాటిపత్రి కప్పి ఉంది. అన్న 18 ఏళ్లుగా బండి నడుపుతున్నవాడు. యెజ్డీ చేతులు వదిలి నడపగలడు. ఆ రోజు తాగలేదు, నిద్రలో లేడు. నెత్తిన హెల్మెట్ లేదు. నిజామాబాద్‌లో ఒక ఆస్పత్రి, అక్కణ్నుంచి హైదరాబాద్‌లో ఇంకొకటి, నలభై ఒక్క రోజులు. తలకు ఎడమవైపు దెబ్బ. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. ఉన్నాడు. ఇప్పటికీ ఉన్నాడు.

ఆ తర్వాతే నేను చదవడం మొదలుపెట్టాను. మా సూపర్‌వైజర్ మేడమ్ ఇచ్చిన కాగితాలు కొన్ని, మెడికల్ కాలేజీలో చదివే మా మరిది కొడుకు తెచ్చిచ్చినవి కొన్ని. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆయన లాస్ ఏంజెలిస్‌లో తొమ్మిది వందల మోటార్ సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికి వెళ్లి చూసి 1981లో నివేదిక ఇచ్చాడు. ప్రమాదంలో పడ్డవాళ్లలో 92 శాతం మంది ఎక్కడా శిక్షణ తీసుకోలేదు, తమంతట తామో, ఇంట్లోవాళ్ల దగ్గరో, దోస్తుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. సగానికి పైగా మందికి ఆ బండి చేతికొచ్చి ఐదు నెలలు కూడా కాలేదు. ప్రమాదం కనబడ్డాక తప్పించుకోవడానికి దొరికిన వ్యవధి రెండు సెకన్ల లోపు. చాలామంది వెనక బ్రేకు బలంగా తొక్కి జారారు, ముందు బ్రేకు సరిగా పట్టనే లేదు. అది చదివిన రోజు కాగితం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. లాస్ ఏంజెలిస్ ఎక్కడ, మా కల్లం ఎక్కడ! భయం మాత్రం ఒక్కటే.

అయితే శిక్షణ ఇస్తే చాలు, ప్రమాదాలు తగ్గుతాయని నేనూ మొదట అనుకున్నాను. అంత సులువు కాదు. బ్రిటన్‌లో 1990 నుంచి, రోడ్డు మీదికి రాకముందే ప్రతి కొత్త రైడరూ ప్రాథమిక శిక్షణ తీసుకోవాలి, అందులో కొంతసేపు గురువు వెంట నిజమైన రోడ్డు మీద నడపాలి. అమెరికాలో 1973 నుంచి మోటార్ సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ ఉంది. ఇట్లాంటి తరగతుల వల్ల లాభం ఉందా అని 2010లో కొక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ సమీక్షకులు 23 అధ్యయనాలు ముందేసుకుని పరిశీలించారు. ఫలానా శిక్షణ వల్ల ప్రమాదాలు తగ్గాయని గట్టిగా చెప్పలేమని తేల్చారు. చాలా అధ్యయనాలు నాణ్యంగా జరగలేదన్నారు. తప్పనిసరి శిక్షణ పెట్టిన చోట కొందరు లైసెన్సుకే రాకుండా ఆగిపోవడం వల్ల కూడా ప్రమాదాలు తగ్గి ఉండవచ్చన్నారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో 2,399 మంది కొత్త రైడర్లను చీటీలు తీసినట్టుగా రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మాత్రం రోడ్డు మీద శిక్షణ ఇచ్చి చూశారు. 2016లో ఫలితాలు అచ్చయ్యాయి. ప్రమాదాల్లో తేడా రాలేదు. పైగా శిక్షణ పొందినవాళ్లలో ధైర్యం పెరిగింది, బండి ఎక్కువ నడిపారు, వేగమూ ఎక్కువే.

ఇది చదివి కొందరు, చూశారా శిక్షణ దండగ అంటారు. నేను అనను. చేతివాటం నేర్పే శిక్షణ ఒకటి, కన్ను తెరిపించే శిక్షణ ఒకటి. చేతివాటం మా అన్నకు ఎంతుందో ఆర్మూర్ అంతా తెలుసు. దానివల్ల ఆ రాత్రి ఆయన వేగం తగ్గలేదు. చీకట్లో నా లైటు ఎంతదూరం కొడుతుంది, అంతదూరంలో నేను ఆగగలనా అన్న లెక్క ఆయనకెవరూ నేర్పలేదు.

హెల్మెట్ గురించి మాత్రం అనుమానమే లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే హ్యూ కెయిర్న్స్ అనే మెదడు డాక్టరు, సైన్యంలో ఉత్తరాలు మోసే మోటార్ సైకిల్ సిపాయిలను చూసి, హెల్మెట్ ప్రాణం కాపాడుతుందని 1941లో రాశాడు. కొక్రేన్ వాళ్లే 2008లో లెక్కగట్టారు: చావు ముప్పు 42 శాతం, తలదెబ్బ ముప్పు 69 శాతం తగ్గుతాయి. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్లు 74,897. హెల్మెట్ పెట్టుకోక పోయినవాళ్లు 50,029. కేంద్ర ప్రభుత్వం అచ్చేసిన లెక్కలే ఇవి. అంతమంది అంటే ఆర్మూర్ లాంటి ఊరు దాదాపు ఖాళీ అయినట్టు.

మా మనవరాలికి 2024లో 18 నిండాయి. స్కూటీ కావాలంది. కొనిస్తాను గానీ ముందు నేర్చుకోవాలన్నాను. ఇంట్లోవాళ్లు నవ్వారు. నేనే వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో ఒక కంపెనీ నడిపే శిక్షణ మైదానానికి తీసుకుపోయాను. ఒక్కరోజు తరగతి. పొద్దున బోర్డు మీద గుర్తులు, రూల్సు. తర్వాత సన్నని పలక మీద పడకుండా నడపడం, రంగు కోన్‌ల మధ్య మెలికలు, ఎనిమిది. మధ్యాహ్నం గాజు తెర ముందు కూర్చోబెట్టి, తెరమీద రోడ్డు నడుస్తుంటే ఎక్కడ ప్రమాదం రావచ్చో చెప్పమన్నారు. అది నాకు బాగా నచ్చింది. నేర్పిన అమ్మాయికి ఓపిక ఉంది. హెల్మెట్ పట్టీ కింద రెండు వేళ్లు దూరేంతే సందుండాలని ప్రతి పిల్ల గడ్డం పట్టుకుని చూసింది.

కానీ బ్రేకు? ఒక్కొక్కరికి మూడేసి సార్లు. అదీ ఇరవై వేగంలో, నున్నటి తారు మీద. మా మనవరాలు తిరిగేది మట్టి, ఇసుక, వడ్లు, మక్కలు ఆరబోసిన రోడ్ల మీద. వెనక ఒకరిని ఎక్కించుకుంటే బండి ఎంతదూరం పోయి ఆగుతుందో చూపించలేదు. చున్నీ సంగతి ఎత్తలేదు. రాత్రి నడపడం గురించి మాటే లేదు. నేర్పింది తప్పని అనడం లేదు. బట్టీ నగరంలో పెట్టారు, ఇటుక మా ఊరికి కావాలి. 2021 జులై నుంచి గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలకు కొత్త రూల్సు వచ్చాయి, అక్కడ పాసైతే ఆర్టీఏ టెస్టు అక్కర్లేదు. మంచిదే. దుబాయ్‌లో బండి మీద తిండి పార్సిళ్లు మోసే మా ఊరి పిల్లగాడు చెప్పాడు, అక్కడ క్లాసులు పూర్తయ్యేదాకా టెస్టుకే రానీయరట. అదే పిల్లగాడు ఇక్కడ పదో తరగతిలోనే పల్సర్ నడిపాడు.

ఊరికి తిరిగొచ్చాక కల్లంలో మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పుడది సిమెంటు కల్లం. సున్నంతో అడ్డంగా గీత గీశాను. ముప్పై వేగంలో వచ్చి ఆ గీత దగ్గర రెండు బ్రేకులూ పట్టి ఆపాలి. మొదటిరోజు గీత దాటి ఆరడుగులు పోయింది. నాలుగో రోజుకు గీత మీద ఆగింది. తర్వాత వాళ్లమ్మను వెనక కూర్చోబెట్టాను, మళ్లీ గీత దాటింది. "అమ్మమ్మా, బ్రేకు పట్టలే!" అంది. బ్రేకు పట్టింది, బరువు పెరిగిందంతే.

ఐదో రోజు మునిమాపు. పక్కింటి పటేల్‌ను అడిగి పసుపు ట్రాలీ తెప్పించి కల్లం చివర పెట్టించాను, బస్తాల మీద తాటిపత్రితో. చీకటి పడ్డాక మనవరాలు స్కూటీ లైటు వేసి, నడిపించుకుంటూ ట్రాలీ వైపు రావాలి. ట్రాలీ కనబడ్డ చోట ఆగాలి. ఆగింది. అక్కణ్నుంచి అంగలు లెక్కపెట్టమన్నాను. ఇరవై రెండు. అంటే పదిహేను మీటర్లకు అటూ ఇటూ. తర్వాత ట్రాలీ వెనక చెక్కకు ఎర్ర రేడియం స్టిక్కరు అంటించాను, పది రూపాయల పట్టీ. మళ్లీ రమ్మన్నాను. ఈసారి కల్లం అవతలి గట్టు దగ్గరే ఆగిపోయింది, అక్కణ్నుంచే ఎర్రగా మెరుస్తోందట. ఆ దూరం లెక్కపెట్టడానికి కల్లం చాలలేదు.

యాభై వేగంలో పోయే బండి సెకనుకు దాదాపు పద్నాలుగు మీటర్లు పోతుందని పలక మీద రాసి చూపించాను. ట్రాలీ కనబడి, అదేమిటో తెలిసి, చెయ్యి బ్రేకు మీదికి పోయేసరికే ఆ సెకను అయిపోతుంది. మనవరాలు ఏమీ మాట్లాడలేదు. మంచం మీద కూర్చున్న మా అన్న వైపు చూసింది. అన్న ఆ ట్రాలీనే చూస్తున్నాడు. కాసేపటికి ఎడమ చెయ్యి పైకెత్తి, పిడికిలి మెల్లగా బిగించి, మెల్లగా విప్పాడు. ఒకప్పుడు యెజ్డీ క్లచ్చు పట్టిన చెయ్యి అది. ఇప్పుడది బ్రేకు అని మనవరాలికి ఎట్లా తెలిసిందో గానీ, "సరే తాతా" అంది.

శిక్షణ తరగతి మంచిదా కాదా అని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. ఎన్ని కోన్‌లున్నాయి, సర్టిఫికెట్ ఎంత రంగులో ఉంది అని చూడకండి. మీ పిల్లతో ఎన్నిసార్లు బ్రేకు పట్టించారు, వెనక మనిషిని ఎక్కించి పట్టించారా, ఇసుక మీద పట్టించారా, చీకట్లో ఎంతదూరం కనబడుతుందో చూపించారా, పెర్కిట్ చౌరస్తా లాంటి చోట గురువు వెంట ఉండి నిలబెట్టారా, ఇవి అడగండి. వెళ్లినప్పటికంటే వచ్చాక పిల్ల వేగం పెంచిందంటే ఆ తరగతి మీద నాకు నమ్మకం లేదు.

మైనర్ పిల్లలకు బండి ఇస్తే తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019 సెప్టెంబర్ నుంచి చట్టం ఉంది. పొద్దున ఎనిమిదిన్నరకు ఆర్మూర్ స్కూళ్ల ముందు నిలబడితే ఆ చట్టం ఎంతమందికి తెలుసో కనబడుతుంది. ముగ్గురేసి వస్తారు. హెల్మెట్ ఒక్కటి ఉంటే అది హ్యాండిల్‌కు వేలాడుతుంటుంది.

నిజామాబాద్‌కు 2025 జనవరిలో పసుపు బోర్డు వచ్చింది. ఇన్నేళ్లు అడిగితే వచ్చింది, సంతోషం. బోర్డు పెద్దలకు, మార్కెట్ యార్డు పెద్దలకు నాదొక విన్నపం. యార్డు గేటు దగ్గర, తూకం చీటీతో పాటు ప్రతి ట్రాలీకి ఒక రేడియం పట్టీ అంటించి పంపండి. ఆర్మూర్, బాల్కొండ, మోర్తాడ్ దిక్కు రైతులకు ఇంకొకటి: పసుపు ఎత్తాక కల్లం రెండు నెలలు ఖాళీగానే ఉంటుంది. ఇంట్లో పిల్లకో పిల్లగాడికో బండి తాళం ఇచ్చేముందు ఆ కల్లంలో సున్నంతో ఒక గీత గీయండి. దాని దగ్గర ఆపడం వచ్చాకే రోడ్డెక్కించండి. గీత ఎట్లా గీయాలో తెలియకపోతే మా ఊరికి రండి, నేను చూపిస్తాను.